‘తోడెవరొచ్చారమ్మా?’

తెల్లవారుజామున నాలుగున్నర. బండి ఆత్మకూరులో ఇంకా ఏ ఇంటి ముందూ చీపురు చప్పుడు లేదు. ఆ రెండు గదుల ఇంట్లో మాత్రం లైటు వెలిగింది. ఆమె మంచం అంచున కూర్చుని ముందు ఎడమకాలి వేళ్లు కదిలించి చూసుకున్నారు. తర్వాత కుడికాలివి. ఆ తర్వాత ఒక కన్ను చేత్తో మూసుకుని, గోడ మీది క్యాలెండరులో అంకెలు చదివారు. రెండో కన్ను మూసుకుని మళ్లీ చదివారు.

‘‘పొద్దున్నే అందరూ దేవుని పటం చూస్తారు. నేను క్యాలెండరు చూస్తా’’ అన్నారు నవ్వుతూ.

ఆమెకు నలభై ఏడేళ్లు. పేరు రాయొద్దన్నారు. ఊళ్లో అందరూ టైలరక్క అని పిలుస్తారు, మనమూ అలాగే పిలుద్దాం. భర్త పోయి తొమ్మిదేళ్లయింది. ఒక్కతే కూతురు, పెళ్లయి బెంగళూరులో ఉంది. తమ్ముడి సంసారం ఆళ్లగడ్డలో. ముందుగదిలో కుట్టు మిషను, వెనక వసారాలో వంట, పెరట్లో బాత్‌రూము. ఆ ఇంట్లో ఉండేది ఆమె ఒక్కరే. ఎనిమిదేళ్లుగా ఆమెతోపాటు ఓ జబ్బు కూడా కాపురముంటోంది. దాని పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. డాక్టర్లు పొట్టిగా ఎమ్మెస్ అంటారు.

‘‘ఎమ్మెస్ అంటే పాటలు పాడే సుబ్బులక్ష్మి గదమ్మా, అది జబ్బెట్లయింది? అని మా ఎదురింటి తాత అడిగినాడు. ఆయనకేం చెప్పాల? నాకే అర్థమయ్యేదానికి ఏడాది పట్టె.’’

ఆ రోజు కర్నూలులో నరాల డాక్టరును చూడాలి. ఆర్నెల్లకోసారి వచ్చే రోజది. డాక్టరు గదిలో ఉండేది పది నిమిషాలో, పన్నెండు నిమిషాలో. దానికోసం నాలుగున్నరకు లేచి, సందేళకు గానీ ఇల్లు చేరరు. నేను ముందురోజు రాత్రే వాళ్లింటికి వెళ్లి పడుకున్నాను. ‘‘నువ్వు నాకు తోడొస్తాండావని మాత్రం రాసుకోవద్దు. పక్క సీట్లో కూచుంటావు, అంతే’’ అని ముందే ఒప్పందం చేసుకున్నారు. ఆ మాట అంత గట్టిగా ఎందుకన్నారో మధ్యాహ్నానికి గానీ నాకు తెలియలేదు.

సూదిలో దారం ఎక్కని రోజు

మొదలైంది కంటితో. ఓ పండగ ముందు, రవికల గుడ్డలు కుప్పపడి ఉన్న రోజుల్లో, సూదిలో దారం ఎక్కడం మానేసింది. కుడికన్ను ముందు పలచటి తెర కట్టినట్టుంది. కన్ను అటూ ఇటూ తిప్పితే లోపల నొప్పి. ఎర్రచీర కుడికంటికి వెలిసిపోయినట్టు, ఎడమకంటికి మామూలుగా కనబడింది. నలభై దగ్గరపడుతోంది గదా, చత్వారం అనుకున్నారు. నంద్యాలలో కళ్లద్దాలకని వెళితే, కళ్ల డాక్టరు అద్దాలు రాయలేదు. ఇది కన్ను కాదు, కంటి వెనక నరం అన్నాడు.

నెలా నెలన్నరలో చూపు దాదాపు తిరిగొచ్చింది. మరిచిపోయారు. ఏడాది తర్వాత నడుము కింది నుంచి పాదాల దాకా తిమ్మిర్లు. నేల మీద నడుస్తుంటే దూది మీద నడుస్తున్నట్టు. మిషను మీద తల వంచితే మెడ నుంచి వెన్నులోకి కరెంటు జారినట్టు! ఆ కరెంటుకు వైద్యంలో ఓ పేరుంది. లెర్మిట్ అనే ఫ్రెంచి డాక్టరు పేరు మీద పిలుస్తారు. ఆ సంగతి మన టైలరక్కకు ఎవరు చెబుతారు? ఒకరు గ్యాసన్నారు, ఒకరు వాతమన్నారు. మందుల షాపాయన బి-12 సూదులు వేయించుకోమన్నాడు. (అది మరీ తప్పేం కాదు. బి-12 తక్కువైనా ఇలాంటి తిమ్మిర్లు వస్తాయి. పరీక్ష చేయించకుండా సూదులతో సరిపెట్టుకోవడమే తప్పు.)

ఇంకో మాట కూడా అన్నారు జనం. ‘నరాల బలహీనత’ అని. మన ఊళ్ల గోడల మీద ఆ మాట ఏ మందుల ప్రకటనల్లో కనబడుతుందో అందరికీ తెలుసు. ఆడమనిషి నోట ఆ మాట వస్తే ముసిముసిగా నవ్వేవాళ్లు తప్ప, ఏమైందని అడిగేవాళ్లుండరు. టైలరక్క ఆ నవ్వులకు భయపడే ఆర్నెల్లు ఎవరికీ చెప్పలేదట.

చివరికి ఎమ్మారై తీస్తే మెదడులో, వెన్నుపాములో తెల్లటి మచ్చలు కనబడ్డాయి. వెన్నులోంచి నీరు తీసి పరీక్షించారు. ఇదే తరహాలో కంటినీ వెన్నునూ పట్టే మరో జబ్బుంది. దాని మందులు వేరు. ఎమ్మెస్‌కు వాడే కొన్ని మందులు ఆ జబ్బులో చెరుపు చేస్తాయి కూడా. అందుకని అది కాదని తేల్చుకోవడానికి రక్తపరీక్ష చేశారు. అప్పుడు చెప్పారు పేరు.

ఇంతకీ ఏమిటీ జబ్బు? కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది కదా, మన నరాలకూ అలాంటి కొవ్వు పొర ఒకటుంటుంది. మైలిన్ అంటారు. బయటి క్రిములతో పోరాడాల్సిన మన రక్షణ కణాలే పొరబడి ఆ పొరను కొరికేస్తాయి. పొర పోయినచోట మెదడు పంపిన కబురు నిదానంగా వెళుతుంది, లేదా మధ్యలో ఆగిపోతుంది. టైలరక్క ఇంకా తేలిగ్గా చెప్పారు. ‘‘మిషను బెల్టు జారిందనుకో. కాలు తొక్కుతానే ఉంటాది, చక్రం తిరుగుతానే ఉంటాది. సూది మాత్రం కదల్దు. నా కాలూ అంతే.’’

1868లో పారిస్‌లో షార్కో అనే వైద్యుడు ఈ జబ్బును ప్రత్యేకమైనదిగా వివరించాడు. ఎక్కువగా ఇరవై, నలభై ఏళ్ల మధ్య బయటపడుతుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువ. ఇంగ్లండులో జాక్వెలిన్ డుప్రే అనే గొప్ప చెల్లో వాద్యకారిణి ఉండేది. తీగల మీద వేళ్ల స్పర్శ తెలియడం మానేసి, 1973లో ఈ జబ్బేనని తేలింది. అప్పటికామెకు ఇరవై ఎనిమిదేళ్లు. 1987లో నలభై రెండేళ్లకే పోయింది. ఈ కథ మన టైలరక్కకు చెప్పాలా వద్దా అని నేను తటపటాయించాను గానీ, ఆమెకు ముందే తెలుసు. కూతురు ఫోనులో చూపించిందట. ‘‘ఆమె కాలానికి మందుల్లేవు. ఇప్పుడున్నాయి’’ అన్నారు.

నిజమే. జబ్బు నడకను మార్చే మొదటి మందు అమెరికాలో 1993లో అనుమతి పొందింది. తర్వాత చాలా వచ్చాయి. పూర్తిగా నయం చేసేది ఇంకా లేదు గానీ, కొత్త మచ్చలు పడకుండా ఆపగలిగేవి ఉన్నాయి. టైలరక్కకు ఆర్నెల్లకోసారి సెలైనులో ఎక్కించే రిటుక్సిమాబ్ మొదట రక్త కాన్సరుకు వచ్చిన మందు. ఖరీదైన మిగతా వాటితో పోలిస్తే అందుబాటులో ఉంటుందని మన దేశంలో చాలామంది డాక్టర్లు ఇదే వాడుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో దీన్ని ఎమ్మెస్‌కు అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

నీళ్లు తాగని ప్రయాణం

ఆరు గంటల బస్సుకు బయల్దేరాం. బయల్దేరే ముందు ఆమె రెండుసార్లు బాత్‌రూముకు వెళ్లొచ్చారు. టిఫిను చేయలేదు. నేను గ్లాసెడు నీళ్లు తాగి చెంబు అందిస్తే వద్దన్నారు.

‘‘కర్నూలు చేరేదాకా నీళ్లు ముట్టను.’’

ఈ జబ్బులో మూత్రసంచి నరాలు కూడా దెబ్బతింటాయి. వచ్చిందంటే ఆగదు, పరుగెత్తాలి. పరుగెత్తేందుకు కాళ్లు సాయం రావు. బస్సులో మగ కండక్టరుతో, మగ డ్రైవరుతో బండి ఆపమని ఏ నోటితో అడుగుతాం? బస్టాండులో మరుగుదొడ్డి ఉన్నా, ఆ తడి నేల మీద కాలు జారితే? అందుకని నీళ్లే మానేస్తే సరి! ఇది ఆమె ఒక్కదాని సంగతేనా? జబ్బేమీ లేని మనం కూడా దూర ప్రయాణమంటే ముందు చేసే పని ఇదే కదా.

కానీ ఆమె విషయంలో దాని ఫలితం వేరు. నీళ్లు తాగకపోతే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది. ఇన్‌ఫెక్షన్‌తో జ్వరం వస్తే, ఎప్పుడో మానిపోయిన లక్షణాలు కూడా మళ్లీ పైకి లేస్తాయి. కాలు బరువెక్కుతుంది, చూపు మసకబారుతుంది. జబ్బు తిరగబెట్టిందని హడలిపోతారు. నిజంగా తిరగబెట్టడమంటే, జ్వరం గానీ ఇన్‌ఫెక్షన్ గానీ లేకుండా కొత్త లక్షణం వచ్చి ఇరవై నాలుగు గంటలు దాటి నిలవడం. అలాంటప్పుడు మూడు నుంచి అయిదు రోజులు స్టెరాయిడ్ సెలైను ఎక్కిస్తారు. ఇన్‌ఫెక్షన్ వల్ల వచ్చినదానికి ముందు ఇన్‌ఫెక్షన్‌నే తగ్గించాలి. రెండింటికీ తేడా తెలియకపోతే అనవసరంగా స్టెరాయిడ్లు ఎక్కుతాయి.

ఎండ కూడా అంతే. 1890లోనే ఉటాఫ్ అనే జర్మన్ కళ్ల డాక్టరు, ఒళ్లు వేడెక్కితే ఈ రోగులకు చూపు మసకబారడం గమనించాడు. చల్లబడితే మళ్లీ మామూలే. కొత్తగా నరం చెడినట్టు కాదు. ఎమ్మారైలు లేని కాలంలో జబ్బు పట్టుకోవడానికి రోగిని వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టేవాళ్లట! మన నంద్యాల ఎండాకాలానికి వేరే తొట్టి ఎందుకు? ఏప్రిల్, మే నెలల్లో టైలరక్క పొద్దున పదికి మిషను మూసేస్తారు. తడిగుడ్డ మెడచుట్టూ వేసుకుని చాప మీద పడుకుంటారు. ‘‘సోమరిదనుకుంటారు. అనుకోనీ.’’

బస్సు మెట్టు ఎక్కడానికి కొంచెంసేపు పట్టింది. కుడిచెయ్యి కడ్డీకి, ఎడమకాలిని కుడిచేత్తోనే లాగి పైన పెట్టాలి. వెనకున్నాయన గొణిగాడు. లోపల సీట్లో కూర్చున్న ఒకామె జరగమంటే ఎగాదిగా చూసి ‘‘బాగానే ఉన్నావు గదమ్మా’’ అంది. టైలరక్క ఏమీ అనలేదు. కొంగు సర్దుకుని నిలబడ్డారు. పది నిమిషాల తర్వాత ఆ సీటామె తనే లేచింది గానీ, అది జాలితోనో, దిగాల్సిన ఊరొచ్చిందో తెలియదు.

2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టిక్కెట్టు లేదు. ఆధార్ చూపిస్తే చాలు. ఆమెకు అది నిజంగా పెద్ద సాయం. ‘‘ఇంతకుముందు చార్జీలు దండగని ఒక్కో తారీఖు ఎగ్గొట్టేదాన్ని’’ అని ఒప్పుకున్నారు. నంద్యాల 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా అయింది. కలెక్టరాఫీసు దగ్గరికొచ్చింది. ఆమె చూపించుకునే డాక్టరు మాత్రం కర్నూలులోనే, అంటే పక్క జిల్లాలో. నంద్యాలలో దిగి మరో బస్సెక్కి, పాణ్యం, ఓర్వకల్లు దాటి డెబ్భై కిలోమీటర్లు పోవాలి. ఫోనులో వీడియో మీద డాక్టరుతో మాట్లాడొచ్చని 2020లో నిబంధనలొచ్చాయి. ఆమె ఒకటి రెండుసార్లు మాట్లాడారు కూడా. కానీ మోకాలి మీద సుత్తితో కొట్టి చూడటం ఫోనులో ఎలా కుదురుతుంది?

కడుపు లోపలికి పీల్చి ఇచ్చిన కొలత

నంద్యాల దాటాక, కిటికీలోంచి నాట్లు పడిన పొలాలు చూస్తూ, ఆమె అసలు సంగతి చెప్పారు.

అంతకుముందు తారీఖులన్నిటికీ తమ్ముడు వచ్చేవాడు. మంచివాడు. పని మానుకుని, మోటారు సైకిలు నంద్యాలలో పెట్టి, అక్కను కర్నూలు తీసుకెళ్లేవాడు. మందు ఖర్చులో ఎంతో కొంత అతనే పెట్టాడు. ఆసుపత్రిలో నర్సు ‘‘తోడెవరొచ్చారమ్మా?’’ అని పిలిస్తే అతనే లేచేవాడు. డాక్టరు కూడా ‘‘ఎలా ఉంది ఈమెకు?’’ అని అతన్నే అడిగేవాడు. ఆమె పక్క కుర్చీలోనే ఉండేది. ‘‘నేను మిషను కాడికి తెచ్చిన గుడ్డ మాదిరి ఉంటి. గుడ్డనెవరు అడుగుతారు, నిన్నెట్ల కుట్టాలని?’’

(ఏ ఆసుపత్రో, ఏ డాక్టరో రాయడం లేదు. ఇది ఒక్కచోట జరిగే పని కాదు. నేను కూడా మా అమ్మను బీపీ చూపించడానికి తీసుకెళ్లినప్పుడు అన్నిటికీ నేనే జవాబు చెప్పేదాన్ని. అమ్మ నోరు తెరిస్తే ‘నువ్వుండమ్మా’ అనేదాన్ని. బస్సులో అది గుర్తొచ్చి కాస్త సిగ్గేసింది.)

కిందటేడాది ఒక తారీఖున డాక్టరు అడిగాడు, ‘‘ఈమధ్య ఏమైనా పడ్డారా?’’ అని. పడ్డారు, రెండుసార్లు. ఒకసారి బాత్‌రూములో. ఒకసారి కాలువ గట్టున, గుడ్డలిచ్చి వస్తూ. రెండోసారి మోకాలు చీరుకుపోయింది. తమ్ముడు పక్కనే ఉన్నాడు. ఆమె ‘‘లేదు సార్’’ అన్నారు.

ఎందుకని?

‘‘పడితినని చెప్తే ఆపొద్దే ఆళ్లగడ్డకు తీస్కపోతాడు. ‘ఒక్కదానివి ఉండొద్దక్కా, మా ఇంట్లో ఉందువు రా’ అని ఎనిమిదేండ్లుగా ఇదే మాట. వాడు పిలిచేది ప్రేమతోనే. మా మరదలు కూడా చెడ్డది కాదు. కానీ ఆ ఇంట్లో నా మిషను యాడ పెడతారు? నన్ను కూచోబెట్టి తిండి పెడతారు. నాలుగు రోజులు బాగుంటాది. అయిదో రోజు నేను ఎవరిని?’’

మందు మార్చలేదు. పడలేదన్న మనిషికి కర్ర ఎందుకు రాస్తారు, వ్యాయామం ఎందుకు నేర్పిస్తారు? మూడు నెలలకు ఎడమకాలు పూర్తిగా జీరాడటం మొదలైంది. ముందే చెప్పి ఉంటే ఇది ఆగేదా అంటే, ఆగేదని ఎవరూ అనలేరు. కానీ ఆమె మనసులో అది ముల్లులా ఉండిపోయింది.

‘‘కొందరాడోళ్లు కొలతిచ్చేటప్పుడు కడుపు లోపలికి పీల్చుకుంటారు. రవిక కుట్టినాక బిగుతైందని నాతో కొట్లాడతారు. అమ్మా, నువ్వు ఇచ్చిన కొలతే గదా అంటా. నేనూ డాక్టరు కాడ అదే చేస్తి.’’

అందుకే ఈసారి తమ్ముడికి తారీఖు చెప్పలేదు.

సంచిలోంచి ఆమె కొలతల పుస్తకం తీసి చూపించారు. ముందు పేజీల నిండా భుజం, చాతీ, చెయ్యి అంకెలు. వెనక నుంచి తిప్పితే వేరే లెక్క. తారీఖు, పక్కన ఓ ముక్క. ‘చవితి ముందురోజు, ఎడమకాలు జీరాడె, రెండు దినాలు.’ ‘పీర్ల పండగ, కన్ను మసక, ఎండకు, సందేళకు తగ్గె.’ ‘బాత్‌రూములో పడితి. ఎవురికీ చెప్పలే.’ చివరి పేజీలో ఆ రోజు చెప్పాల్సినవి మూడే మూడు రాసుకున్నారు. అన్నిటికన్నా కష్టమైనది పైన. ‘‘సులువైంది ముందు చెప్తే, కష్టమైంది చెప్పేలోగా సార్ బెల్లు కొడతాడు’’ అన్నారు. ఎంతమంది చదువుకున్నవాళ్లకు తడుతుంది ఈ ఉపాయం?

వరండాలో

పదకొండు గంటల అపాయింట్‌మెంటు. పేరు పిలిచేసరికి ఒంటిగంట దాటింది. ఆ రెండు గంటల్లో పక్కనున్న ఒక తల్లీ కూతుళ్లతో మాటలు కలిశాయి. అమ్మాయికి ఇరవై మూడేళ్లు, డిగ్రీ అయింది. జబ్బు ఇదే. తల్లి గొంతు తగ్గించి టైలరక్కను అడిగింది, ‘‘సంబంధం వచ్చింది. చెప్పాల్నా అక్కా? పిల్లలు పుడతారా దీనికి?’’

టైలరక్క డాక్టరు కాదు. అయినా ఇన్నేళ్లలో విన్నది చెప్పారు. అదే నేనిక్కడ మరికొంత చేర్చి చెబుతున్నాను. ఈ జబ్బుతో గర్భం రాకుండా పోదు. కడుపుతో ఉన్నప్పుడు, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో జబ్బు నెమ్మదిస్తుంది. కాన్పయిన తర్వాతి మూడు నెలల్లో తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. అప్పుడే ఇంట్లో సాయం కావాలి. కొన్ని మందులు కడుపుతో ఉన్నప్పుడు పనికిరావు కాబట్టి, పిల్లలు కావాలనుకున్నప్పుడే డాక్టరుకు చెప్పి మందుల లెక్క ముందుగా చూసుకోవాలి. ఇది తల్లి నుంచి బిడ్డకు నేరుగా సంక్రమించే జబ్బు కాదు. రక్తసంబంధీకుల్లో మామూలుకంటే కాస్త ఎక్కువ అవకాశం ఉంటుందంతే. మరి పెళ్లివారికి చెప్పాలా? టైలరక్క ఆ అమ్మాయి వైపు తిరిగి ‘‘నువ్వేమంటావు పాపా?’’ అన్నారు. అప్పటిదాకా ఆ ప్రశ్న ఎవరూ ఆ పిల్లను అడగలేదని దాని మొహం చూస్తేనే తెలిసింది.

‘‘చెప్పాలనే ఉంది’’ అంది మెల్లగా. తల్లి అటు తిరిగి కూర్చుంది.

అంతలో నర్సు వచ్చి టైలరక్క పేరు పిలిచింది.

‘‘తోడెవరొచ్చారమ్మా?’’

‘‘నేనే వచ్చినా’’ అన్నారామె. కొలతల పుస్తకం చంకలో పెట్టుకుని, గోడ పట్టుకుని లోపలికి వెళ్లారు. నేను కుర్చీలోంచి కదల్లేదు. కదలాలనిపించిన మాట నిజం.

పది నిమిషాలు

లోపల జరిగింది తిరుగు ప్రయాణంలో విన్నాను.

కూర్చోగానే ‘‘సార్, ఏడాదిలో మూడుసార్లు పడినా. పోయినసారి లేదని చెప్తి. అది అబద్ధం’’ అన్నారట. డాక్టరు రాస్తున్న కలం ఆపి తలెత్తి చూశాడట. ‘‘అన్నేండ్లలో నన్ను నేరుగా చూసింది అదే ఫస్టు’’ అని టైలరక్క. పుస్తకం తీసుకుని వెనక పేజీలన్నీ చదివాడు. తర్వాత మామూలు పరీక్షలు. సుత్తితో మోకాలు కొట్టాడు, అరికాలు గీశాడు. శ్రుతి కడ్డీ మోగించి చీలమండ మీద పెట్టి, గుంయ్‌మంటోందా అని అడిగాడు. ఎడమవైపు అనలేదు. వరండాలో నడిపించి గడియారం చూసుకున్నాడు. పాదాలు దగ్గరగా పెట్టి నిలబడి కళ్లు మూసుకోమన్నాడు. మూసుకోగానే ఆమె పక్కకు ఒరిగారు. ఆయన పట్టుకున్నాడు.

‘‘బాత్‌రూములో పడినప్పుడు మొహానికి సబ్బు రుద్దుకుంటున్నారా?’’ అని అడిగాడు.

ఆమె ఆశ్చర్యపోయారు. ఔను, సబ్బే! అదెలా తెలిసిందాయనకు?

సంగతేమిటంటే, పాదాల స్పర్శ తగ్గినప్పుడు మనిషి కంటి సాయంతో నిలబడతాడు. నేల ఎక్కడుందో కాళ్లు చెప్పవు, కళ్లు చెబుతాయి. సబ్బు నురగకు కళ్లు మూసుకోగానే ఆ సాయమూ పోతుంది. చీకట్లోనూ అంతే. అందుకే ఇక స్టూలు వేసుకుని కూర్చునే స్నానం చేయాలి. గోడకు కడ్డీ బిగించుకోవాలి. రాత్రి చిన్న లైటు ఆర్పకూడదు. పెద్ద వైద్యమేం కాదు. కానీ పడిన సంగతి చెబితేనే వచ్చే వైద్యం.

రెండో మాట మూత్రం గురించి. మగ డాక్టరు ముందు ఎలా చెప్పాలని అన్నేళ్లూ ఆపుకున్న మాట. ‘‘కండ్లు మూసుకుని చెప్పేస్తి. కూచునే ఉన్నాలే, పడను గదా’’ అని నవ్వారు. దానికి మాత్రలున్నాయి. ముందు మూత్రసంచి పూర్తిగా ఖాళీ అవుతోందో లేదో స్కానింగ్ చేయించమన్నాడు. నీళ్లు మానొద్దన్నాడు. మళ్లీ ఎమ్మారై రాశాడు. కొత్త మచ్చలుంటే మందు సంగతి ఆలోచిద్దామన్నాడు. కాలికి వ్యాయామం నేర్చుకోవడానికి ఫిజియోథెరపీకి చీటీ ఇచ్చాడు. కర్ర వాడమన్నాడు. కర్ర మాట ఆమెకు రుచించలేదు.

మూడోది ఆమె అడగలేదు, ఆయనే అడిగాడు. ‘‘ఒక్కరే ఉంటారా?’’

‘‘ఉంటా సార్.’’

ఇక చెబుతాడనుకున్నారు, ఒంటరిగా ఉండొద్దని. గుండె దడదడలాడిందట. ఆయన అడిగింది వేరు. ‘‘పడితే ఎవరికి తెలుస్తుంది? ఎంతసేపట్లో తెలుస్తుంది?’’

ఆ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు లేదు. పొద్దున పాలు పోసే ఆమె వస్తుంది. ఆ తర్వాత గుడ్డలిచ్చేవాళ్లు ఎవరైనా రావాలి. ఆదివారం సాయంత్రం పడితే సోమవారం పొద్దున దాకా ఎవరికీ తెలియదు. ‘‘ఉండొద్దు అంటే కొట్లాడేదాన్ని. ఇట్లడిగితే ఏం కొట్లాడేది?’’

బస్సు ఓర్వకల్లు దాటేలోగా ఆమె లెక్క వేసేశారు. బాత్‌రూము లోపలి గడియ పీకేయించాలి, బయట తెర కట్టుకుంటే చాలు. బటన్ ఫోను మెడలో తాడు కట్టి వేసుకోవాలి. రవికలకు వేసే పైపింగు తాడే సరిపోతుంది. రాత్రి పడుకునే ముందు కూతురికో మిస్డ్ కాల్. రాకపోతే కూతురు ఎదురింటి తాతకు ఫోను చేయాలి. ఇంటి తాళం చెవి ఒకటి పాలామె దగ్గర.

ఇంకో కాగితం పని కూడా మిగిలి ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు స్పష్టంగా ఉంది. మెడికల్ బోర్డు 40 శాతం, ఆపైన అని రాస్తే ధ్రువపత్రం వస్తుంది. దాంతో మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయల పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు. చాలామంది రోగులకు తమ జబ్బు ఆ జాబితాలో ఉందనే తెలియదు. టైలరక్కకు తెలుసు. అయినా వెళ్లలేదు. ‘‘బోర్డు ముందర ఆపొద్దు నా కాలు బాగుంటే? బాగున్న రోజు చూసి బాగుందని రాస్తారు.’’ ఎగుడుదిగుడుగా నడిచే జబ్బుతో ఉన్న చిక్కు ఇదే. ఎమ్మారై కాగితాలు, డాక్టరు రాసిన పరీక్షల వివరం వెంట తీసుకెళ్లమని చెప్పాను. కొలతల పుస్తకం కూడా. ముంబైలో 1985లో మొదలైన మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియాకు హైదరాబాదులోనూ శాఖ ఉంది. ఇలాంటి వాటిలో వాళ్లు దారి చూపిస్తారు. వరండాలో కలిసిన ఆ తల్లికీ అదే రాసిచ్చాం.

నంద్యాల బస్టాండులో ఆమె నీళ్ల సీసా కొని సగం తాగారు. అక్కడి మరుగుదొడ్డి దాకా నడిచారు. నేను సంచి పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆ కాసేపు తోడునేనని ఒప్పుకున్నారు.

బండి ఆత్మకూరు చేరేసరికి చీకటి పడింది. ఇంటి తాళం తీస్తుండగా ఫోను మోగింది. ఆళ్లగడ్డ నుంచి. ఎవరో బస్టాండులో చూసి చెప్పినట్టున్నారు. తమ్ముడి గొంతు నాకే వినబడుతోంది. ‘‘చెప్పకుండా పోయొచ్చినావా? ఒక్కదానివే? డాక్టరేమన్నాడు?’’

ఆమె మిషను పక్క కుర్చీలో కూలబడ్డారు. ఎడమకాలిని చేత్తో ఎత్తి ముందుకు పెట్టుకున్నారు.

‘‘పడినానని చెప్పినా రా.’’

అవతల కాసేపు ఏమీ వినబడలేదు.

‘‘ఎప్పుడు పడినావక్కా?’’

‘‘ఆదివారం రా, చెప్తా. వచ్చేటప్పుడు బాత్‌రూముకు ఒక ఇనుప కడ్డీ తెస్కరా. గోడకు బిగించాల.’’